శివారు ఇంట్లో తేళ్లు: ఏ పని ముందు, ఏ పని తర్వాత

బెంగళూరు శివార్లలో సర్జాపుర దాటాక, ఆనేకల్, హొసకోటె, దేవనహళ్లి, కనకపుర రోడ్డు వైపు కొత్త లేఅవుట్లలో ఇల్లు కట్టుకున్న మనవాళ్ల దగ్గర్నుంచి ఏప్రిల్ వచ్చిందంటే నాకు ఒకటే ప్రశ్న వస్తుంది: "అక్కా, బాత్‌రూంలో తేలు కనిపించింది, ఏ మందు కొట్టించాలి?"

మందు సంగతి చివర్లో చూద్దాం. తేళ్ల విషయంలో దెబ్బతినేది పని చేయనివాళ్లు కాదు, ముందు చేయాల్సింది వెనక చేసినవాళ్లు. మా ఇంట్లో అదే జరిగింది. గృహప్రవేశం అయిన నెలకి, ఇంటి వెనక మిగిలిపోయిన గ్రానైట్ ముక్కలు, సాలిడ్ బ్లాకుల గుట్ట ఒక్క ఆదివారంలో ఇద్దరు కూలీలతో ఎత్తించేశాం. ఆ రాత్రి యుటిలిటీలో (వంటింటి పక్కన బట్టలు ఉతికే చోటు) 2, వంటింట్లో 1, పిల్లల గది గుమ్మం దగ్గర 1 కనిపించాయి. గుట్టలో ఉన్నవాటి గూడు చెదిరింది, మా తలుపుల కింద సందులు తెరిచి ఉన్నాయి. అంతే.

అందుకే ఇక్కడ రాసిన వరసను మార్చకండి. మొదట చూడాలి, తర్వాత ఇల్లు మూయాలి, ఆ తర్వాతే ఆవరణ శుభ్రం చేయాలి.

1. మీ ఇంటి చుట్టూ ఏ తేలు ఉందో తెలుసుకోండి

ఇక్కడ ఎక్కువగా రెండు రకాలు కనిపిస్తాయి.

ఎర్ర తేలు: ఎరుపు, గోధుమ, కొన్నిసార్లు నారింజ రంగు. పెద్దదైనా తోకతో కలిపి 5 నుంచి 9 సెంటీమీటర్లే ఉంటుంది. ముందరి పట్టుకాళ్లు సన్నగా, తోక లావుగా ఉంటాయి. మన దేశంలో ప్రాణాలు తీసేది ప్రధానంగా ఇదే. పిల్లలకు మరీ ప్రమాదం.

నల్ల తేలు, అంటే మన ఊళ్లలో మండ్రగబ్బ అనేది: నిగనిగలాడే నలుపు, అరచేతి పొడవు ఉంటుంది, పట్టుకాళ్లు పీత కాళ్లలా బలంగా ఉంటాయి. చూస్తే గుండె ఆగుతుంది కానీ దీని విషం ఎర్ర తేలు విషమంత తీవ్రమైంది కాదు. నేలలో బొరియ చేసుకుని ఉంటుంది, వానకు నీళ్లు నిండితే బయటికొస్తుంది.

గుర్తు పెట్టుకోవడానికి తేలికైన మాట: పట్టుకాళ్లు సన్నగా, తోక లావుగా ఉంటే ఎక్కువ భయపడాలి. మనం సహజంగా చేసేది దీనికి తలకిందులు. నల్లదాన్ని చూసి కేకలు పెడతాం, చిన్న ఎర్రదాన్ని చీపురుతో తోసేస్తాం. అయితే ఇది చూపుకి పనికొచ్చే గుర్తే కానీ వైద్యానికి కాదు. ఏ తేలు కుట్టినా 9వ భాగంలో చెప్పినట్టే చేయండి.

2. మొదలుపెట్టే ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

☐ యూవీ టార్చి ఒకటి, మామూలు టార్చి ఒకటి
☐ చీలమండ దాకా మూసి ఉండే బూట్లు, మందపాటి తోలు గ్లౌజులు
☐ ఒక అడుగు పొడవైన పటకారు
☐ వెడల్పు మూతి ఉన్న గాజు సీసా, గట్టి అట్ట ముక్క
☐ సిలికాన్ సీలెంట్, వైట్ సిమెంట్, సన్నకన్నం స్టీల్ జాలీ
☐ తలుపుల కిందికి రబ్బరు పట్టీలు
☐ చాక్‌పీసు, చిన్న నోట్‌బుక్కు

వీటిలో యూవీ టార్చి లేకుండా పని మొదలుపెట్టొద్దు. తేలు పైపొరలో ఉండే పదార్థాల వల్ల ఆ ఊదా వెలుగు పడగానే తేలు ఆకుపచ్చగా మెరుస్తుంది. మామూలు టార్చితో గోడ మీద ఎంత వెతికినా కనపడని ఎర్ర తేలు, దీనితో నాలుగైదు అడుగుల దూరం నుంచే గడియారంలో రేడియం ముల్లులా కనిపిస్తుంది. 365 నానోమీటర్లదైనా 395దైనా పనికొస్తుంది. 365ది కాస్త స్పష్టంగా చూపిస్తుంది. దాన్ని ఎవరి కళ్లలోకీ వేయకండి, పిల్లల చేతికి ఆటకు ఇవ్వకండి.

ఒక జాగ్రత్త. అప్పుడే కుబుసం విడిచిన తేలు మెరవదు. సబ్బు పొడి, తెల్ల కాగితం, కొన్ని రకాల దారాలు కూడా మెరుస్తాయి కానీ అవి నీలి తెలుపుగా ఉంటాయి. తేలు మెరుపు ఆకుపచ్చగా ఉంటుంది. ఒకసారి చూస్తే మళ్లీ పొరబడరు.

3. మూడు రాత్రులు చూడటం

ఏదీ కదపకుండా, ఏదీ మూయకుండా మూడు రాత్రులు చూడండి. చాలామంది ఈ మెట్టు దాటేస్తారు. ఇంట్లో తేలు ఉండగానే సందులన్నీ మూసేస్తే దాన్ని మనతో పాటు లోపల పెట్టి తాళం వేసుకున్నట్టే. తిండి లేకుండా నెలల తరబడి ఉండగలిగే ప్రాణి అది, ఆకలికి చచ్చిపోతుందిలే అనుకోవద్దు.

ఎప్పుడు: చీకటి పడ్డాక గంట, రెండు గంటల తర్వాత. గాలి లేని వెచ్చటి రాత్రి, వెన్నెల తక్కువగా ఉన్న రోజైతే ఇంకా మంచిది. గట్టిగా వాన పడుతున్నప్పుడు బయట వెతకడం దండగ.

ఎలా: ముందు ఇంటి లోపల. లైట్లన్నీ ఆర్పి ఒక్కో గదిలో గోడ వెంబడి కుడిచేతి వైపు నుంచి చుట్టూ రండి. నేల, స్కర్టింగ్, తలుపు వెనక, మంచం కింద, కర్టెన్ అంచులు, చివరికి పైకప్పు. తర్వాత బయట ఇంటి గోడ చుట్టూ ఒకసారి, ప్రహరీ గోడ లోపలివైపు ఒకసారి తిరగండి.

ఎక్కడ: మా వీధిలో 14 ఇళ్లకు నేను తోడు వెళ్లి చూశాను. దాదాపు ప్రతిచోటా ఇవే జాగాలు:

☐ యుటిలిటీలో వాషింగ్ మెషీన్ వెనక, తడి మాపు, నేల తుడిచే గుడ్డ కింద
☐ బాత్‌రూం నీళ్ల జాలీ చుట్టూ
☐ సంపు మూత అడుగువైపు
☐ కరెంటు మీటర్ పెట్టె, మోటార్ స్టార్టర్ పెట్టె
☐ చెప్పుల స్టాండు
☐ పూలకుండీల అడుగు పళ్లేలు
☐ పూత వేయని బ్లాకు గోడ కన్నాలు
☐ కొబ్బరి మట్టలు, డొక్కలు, కట్టెల మోపు

కనిపించిన ప్రతిచోటా చాక్‌పీసుతో గుర్తు పెట్టి, నోట్‌బుక్కులో గంట, చోటు, రంగు రాసుకోండి. మూడో రాత్రికి మీకే ఒక దారి కనిపిస్తుంది. మా ఇంట్లో గుర్తులన్నీ యుటిలిటీ తలుపు నుంచి సంపు దాకా ఒక గీతలా వచ్చాయి. నేను మాత్రం అప్పటిదాకా ముందు గుమ్మానికి కర్పూరం, నిమ్మతొక్కలు పెట్టుకుంటూ కూర్చున్నాను.

ఇంటి లోపల కనిపించినవాటిని అప్పటికప్పుడే 8వ భాగంలో చెప్పినట్టు పట్టేయండి. వరసగా రెండు రాత్రులు లోపల ఒక్కటీ కనిపించకపోతే తర్వాతి పనికి వెళ్లొచ్చు.

4. ఇల్లు మూయడం

కొలత: రెండు ఏటీఎం కార్డులు కలిపి దూరగలిగే సందైతే చిన్న తేలు దూరగలదు. ఆ రెండు కార్డులను ఒక దారంతో కట్టి జేబులో పెట్టుకుని తిరగండి. అనుమానం ఉన్న ప్రతి సందులో దూర్చి చూడండి.

తలుపులు ముందు. చీకటి పడ్డాక లోపల లైట్లు ఆర్పి, బయట నేల మీద టార్చి పెట్టి తలుపు వైపు వెలుగు కొట్టండి. తలుపు కింద వెలుగు గీత కనిపించినంత మేరా తేలుకి దారి ఉన్నట్టే. రబ్బరు పట్టీ వేయించేటప్పుడు వడ్రంగి దాన్ని నేలకు కాస్త ఎత్తుగా బిగిస్తాడు, తలుపు బిగుసుకుంటుందని. అలా వద్దు, గడపకో నేలకో ఒత్తుకునేలా బిగించమని పక్కన నిలబడి చెప్పండి. మూలల్లో అర అంగుళం వదిలేయడం కూడా అందరూ చేసే పొరపాటే. పడకగదుల కంటే ముందు యుటిలిటీ, వెనక తలుపు, మేడమీది తలుపు చూడండి.

కిటికీలు. స్లైడింగ్ కిటికీల పట్టాల్లో వాన నీళ్లు పోవడానికి చిన్న రంధ్రాలు ఉంటాయి. వాటిని సీలెంట్‌తో మూసేస్తే మొదటి వానకే నీళ్లు గదిలోకి వస్తాయి. స్టీల్ జాలీ చిన్న ముక్క కత్తిరించి లోపలివైపు అంటించండి. దోమతెర అంచుల్లో బ్రష్ దారాలు ఊడిపోయి ఉంటే మార్పించండి.

పైపులు. ఏసీ పైపు, గీజర్ పైపు, గ్యాస్ పైపు, ఇంటర్నెట్ తీగ గోడలోంచి వచ్చేచోట చుట్టూ ఖాళీ ఉంటుంది. సింకు కింద అల్మరా తలుపు తీసి మోకాళ్ల మీద కూర్చుని చూస్తే తప్ప కనిపించదు. అర అంగుళం కంటే పెద్ద కన్నమైతే ముందు జాలీ కుక్కి పైన సిమెంట్ పెట్టండి. వట్టి సీలెంట్‌ని ఎలుక కొరికేస్తుంది, ఆ దారిలోనే తేలు వస్తుంది.

మోరీలు. బాత్‌రూం నహానీ ట్రాప్‌లో, అంటే నేల మీది జాలీ కింద ఉండే గిన్నెలాంటి దాంట్లో, నిలిచే నీళ్లే అడ్డుకట్ట. అతిథుల గది బాత్‌రూం నెలల తరబడి వాడకపోతే ఆ నీళ్లు ఎండిపోతాయి, బొద్దింకలు ముందు వస్తాయి, వాటి వెనక తేళ్లు. వారానికి ఒక చెంబు నీళ్లు పోస్తే చాలు. జాలీ పళ్లెం విరిగిపోయి ఉంటే ఈ రోజే మార్చండి.

ప్రహరీ గోడ. సాలిడ్ బ్లాకులతో కట్టి పూత పూయకుండా వదిలేసిన గోడ తేళ్లకు అపార్ట్‌మెంటే. డబ్బులు సరిపోకపోతే బయటివైపు తర్వాత చూసుకోవచ్చు, లోపలివైపు మాత్రం సందులకు సిమెంట్ పట్టించండి.

బాగా నున్నటి గాజు, పాలిష్ పలకల మీద తేలు కాలు నిలవదు. గరుకు పూత గోడ, చెట్టు బెరడు, గుడ్డ అయితే ఎక్కగలదు. గోడ కింద ఒకటిన్నర అడుగుల ఎత్తున నున్నటి పలకలు వేయిస్తే ఆ గోడ ఎక్కడం కష్టమవుతుంది. అయితే పలకల మధ్య గరుకు సందులు లేకుండా నింపించాలి. కొత్తగా కట్టుకునేవాళ్లు మేస్త్రీతో ఈ మాట ముందే అనుకోండి, తర్వాత వేయించడం కంటే చాలా చవక.

5. ఆవరణ శుభ్రం చేయడం

ఇల్లు పూర్తిగా మూసిన తర్వాతే దీనికి రండి.

పగటిపూట చేయండి. ఇంటి గోడ దగ్గర మొదలుపెట్టి ప్రహరీ వైపు జరుగుతూ వెళ్లండి. బయట నుంచి లోపలికి వస్తే వాటిని ఇంటి వైపే తరిమినట్టు అవుతుంది.

రాళ్ల గుట్టను ఒక్క రోజులో ఎత్తించకండి. పైవరస ముందు, గడ్డపారతో ఒక్కో రాయిని మనకు అవతలివైపుకి తిప్పండి. రాయి కింద వేళ్లు పెట్టి మనవైపు ఎత్తడం వల్లే చాలామంది కూలీలకు తేలు కుడుతుంది. పనికి వచ్చినవాళ్లకు గ్లౌజులు, బూట్లు మీరే ఇవ్వండి. వాళ్ల వెంట పసిపిల్లలు వస్తే వాళ్లను ఆ చుట్టుపక్కల కూర్చోబెట్టకండి, దూరంగా నీడలో చోటు చూపించండి. ఈ ఒక్క విషయంలో దయచేసి బద్ధకించొద్దు. మన ఇల్లు శుభ్రం అవుతుంటే వాళ్ల బిడ్డ ప్రాణం మీదికి రాకూడదు.

పూర్తయ్యాక ఇలా ఉండాలి:

☐ ఇంటి గోడ చుట్టూ రెండు మూడు అడుగుల మేర ఆకులు, గడ్డి, కుండీలు లేని ఖాళీ నేల
☐ గోడకు తాకే కొమ్మలు, తీగలు కత్తిరించి ఉండాలి
☐ కట్టెలు, పలకలు, పైపులు నేలకు అడుగు ఎత్తున స్టాండు మీద, గోడకు దూరంగా
☐ సంపు మూత అంచుకు రబ్బరు
☐ కారే కుళాయిలు, ఏసీ నీళ్లు పడే చోటు పొడిగా

పక్క సైటు ఖాళీగా ఉండి నీలగిరి ఆకులు, పార్థీనియం మోకాలెత్తు పెరిగి ఉంటే యజమానితో మాట్లాడి కోయించండి. ఆ సైటులో జేసీబీ దిగుతోందని తెలిసిన రోజు నుంచి పది రోజులు మీ ఇంట్లో రాత్రి తనిఖీ తప్పనిసరి.

దీపాల మాట. గుమ్మం మీద తెల్లటి ఎల్ఈడీ వెలిగిస్తే పురుగులు మూగుతాయి, రాలిన పురుగుల కోసం తేలు వస్తుంది. గుమ్మం దగ్గర పసుపు రంగు బల్బు పెట్టి, తెల్ల దీపాన్ని గేటు దగ్గరికి మార్చండి. ఖర్చు రెండు బల్బులే, ఫలితం వారంలో తెలుస్తుంది.

6. తిండి తీసేయడం, మందుల సంగతి

తేలు మన కోసం రాదు. బొద్దింకలు, చిమ్మటలు, చెదలు, సాలీళ్ల కోసం వస్తుంది. వంటింట్లో బొద్దింకల జెల్ చుక్కలు పెట్టించడం, చెత్తబుట్ట మూసి ఉంచడం, అట్టపెట్టెలు పోగేయకపోవడం: తేళ్ల మీద స్ప్రే కొట్టించడం కంటే ఇవే ఎక్కువ పనిచేస్తాయి.

స్ప్రే సూటిగా పడిన తేలు చావొచ్చు. గోడకు కొట్టిన మందు మీదుగా నడిచిన పెద్ద తేలు మాత్రం తరచూ బతికే పోతుంది. సందుల్లో దాక్కున్నదానికి ఆ మందు అందదు కూడా. ఎవరైనా "ఒక్కసారి కొట్టిస్తే ఏడాది దాకా తేలు రాదు" అంటే నమ్మి డబ్బు కట్టకండి. కొట్టించాలనుకుంటే 4, 5 భాగాలు అయ్యాకే, పురుగుల కోసం కొట్టించండి.

కిరసనాయిలు, పెట్రోలు సందుల్లో పోయడం ప్రమాదం. కోళ్లను పెంచితే తేళ్లు పోతాయన్నది సగం నిజం: కోడి కనిపించిన తేలును తింటుంది, కానీ కోడి మేలుకున్నప్పుడు తేలు దాక్కుని ఉంటుంది.

జిగురు అట్టలు మంచివే. గోడ మూలకు ఆనించి, ఫ్రిజ్ వెనక, వాషింగ్ మెషీన్ వెనక పెట్టి వారానికి ఒకసారి చూడండి. ఏది పడిందో నోట్‌బుక్కులో రాయండి. తడిచోట పెడితే పనిచేయవు.

7. రోజూ చేయాల్సినవి

అమెరికాలో అరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్‌లో ఉన్న మా తమ్ముడి ఇల్లు అచ్చమైన ఎడారి ఇల్లు. అక్కడ ఉండే బార్క్ స్కార్పియన్ అనే తేలు గోడలు, పైకప్పులు ఎక్కుతుంది, వస్తువుల అడుగువైపున తలకిందులుగా పట్టుకుని ఉంటుంది. చలికాలంలో ఒకేచోట గుంపుగా దాక్కుంటుంది. అక్కడ పసిపిల్లల మంచం కోళ్ల కింద గాజు సీసాలు పెడతారు, నున్నటి గాజును తేలు ఎక్కలేదు కాబట్టి. మన దగ్గర తేళ్లు వేరైనా ఆ ఇంటి అలవాట్లు దాదాపు అన్నీ నేను తెచ్చుకున్నాను:

☐ చెప్పులు, బూట్లు దులిపి, బోర్లించి తట్టి వేసుకోవాలి. స్కూలు బూట్లలో రాత్రి సాక్సు కుక్కి పెట్టాలి
☐ నేల మీద పడేసిన బట్టలు, తడి తువ్వాలు దులిపి తీయాలి
☐ మంచం గోడకు అర అడుగు ఎడంగా, దుప్పటి అంచు నేలకు తాకకుండా ఉండాలి
☐ నేల మీద పడుకునేవాళ్లకు దోమతెర, అంచులు పరుపు కిందికి దోపి
☐ రాత్రి లేస్తే ముందు లైటు, తర్వాత చెప్పులు, తర్వాతే అడుగు
☐ కుండీ, ఇటుక, సిలిండర్ ఎత్తేముందు పక్కకు వంచి అడుగు చూడాలి
☐ నేల తుడిచే గుడ్డ పిండి తీగ మీద ఆరేయాలి, మూలన కుప్పగా వదలకూడదు

ఆఖరిది మా అత్తమ్మ నొప్పితో నేర్పిన పాఠం. దాని గురించి 9లో చెప్తాను.

8. ఇంట్లో కనిపిస్తే పట్టడం

1. పిల్లల్ని, కుక్కను, పిల్లిని గదిలోంచి పంపించండి. ఒకరు దాని మీదే చూపు ఉంచాలి. కళ్లు తిప్పారంటే అది మాయం.
2. లైటు వేసి, బూట్లు వేసుకోండి.
3. నేల మీద ఉంటే గాజు సీసాను పైనుంచి బోర్లించండి. అట్టను మెల్లగా కిందికి తోసి, రెండూ కలిపి తిప్పి మూత పెట్టండి.
4. గోడ మీద ఉంటే పటకారుతో తోక చివర, కొండి దగ్గర పట్టి సీసాలో వేయండి. నలిపేయొద్దు.
5. అది దొరికిన గదిని ఆ రాత్రే యూవీ టార్చితో మరోసారి చూడండి.

తల్లి తేలు పిల్లలను వీపు మీద మోస్తుంది. తెల్లటి బియ్యపు గింజలు అంటించినట్టు కనిపిస్తే అవి పిల్లలే. అలాంటిదాన్ని చీపురుతో కొట్టారంటే అన్నీ చెల్లాచెదురై గదంతా పాకుతాయి. దాని మీద తప్పకుండా సీసానే వాడండి. పిల్లలు తల్లి కడుపు చీల్చుకుని పుడతాయని, తల్లిని తినేస్తాయని చిన్నప్పుడు విన్నాం. అది నిజం కాదు, బతికున్న తల్లి వీపు మీదే అవి మొదటి కుబుసం విడిచేదాకా ఉంటాయి.

చంపాలా వదలాలా అని అడుగుతారు. మండ్రగబ్బను నేను చంపను, ఇళ్లు లేని రాళ్ల బీడులో వదిలిపెట్టి వస్తాను. పిల్లలున్న ఇంట్లో దొరికిన ఎర్ర తేలును చెప్పుతో కొట్టేసినవాళ్లను నేను తప్పుపట్టను.

9. కుడితే ఏం చేయాలి

మా అత్తమ్మ యుటిలిటీలో తడి గుడ్డ తీయబోతే ఎర్ర తేలు వేలి మీద కుట్టింది. ఆమె ఎవరికీ చెప్పకుండా ఉల్లిపాయ రుద్దుకుని, చింతగింజ అరగదీసి అంటించుకుని, పైన గుడ్డ బిగించి కట్టుకుని గంటసేపు కూర్చుంది. వాంతి అయ్యి, చీర తడిసేంత చెమట పట్టి, చేతులు చల్లబడ్డాక మాకు తెలిసింది. ఒక రాత్రి ఐసీయూలో ఉంచి ఇంటికి పంపారు. ఆ గంట మాకు ఇప్పటికీ భయమే.

వెంటనే చేయాల్సినవి:

1. టైం చూసి రాసుకోండి.
2. సబ్బు నీళ్లతో కడగండి. ఉంగరాలు, గాజులు, మెట్టెలు, గడియారం వాపు రాకముందే తీసేయండి.
3. గుడ్డలో చుట్టిన ఐసు పది నిమిషాలు పెట్టి, పది నిమిషాలు తీసి, మళ్లీ పెట్టండి. ఐసు నేరుగా చర్మానికి వద్దు.
4. కుట్టిన చెయ్యిని, కాలిని కదపకుండా ఉంచండి. నడిపించకండి.
5. ఆసుపత్రికి బయలుదేరండి. 108కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి. "చేళు కచ్చిదె" అంటే కన్నడలో తేలు కుట్టిందని. ఆ రెండు మాటలు ఇంట్లో అందరికీ నేర్పండి.

చేయకూడనివి: తాడు కట్టడం, కోయడం, నోటితో పీల్చడం, మంత్రం కోసం వెళ్లడం, పసరు తాగించడం, సారా తాగించడం. మంత్రం వేయించుకుంటే తగ్గిందనేవాళ్లు అబద్ధం చెప్పట్లేదు. చాలా కుట్లు నొప్పితోనే ఆగిపోతాయి, మంత్రం వేసినా వేయకపోయినా. ఆగనిదేదో మొదటి అరగంటలో మనకు తెలియదు, చిక్కంతా అక్కడే.

పిల్లలు, గర్భిణులు, ముసలివాళ్లు, గుండె జబ్బు ఉన్నవాళ్లు: లక్షణాల కోసం చూడకుండా వెంటనే తీసుకెళ్లాలి. పెద్దవాళ్లలో కింది వాటిలో ఒక్కటి కనిపించినా ఆలస్యం వద్దు:

☐ వాంతులు
☐ ఒళ్లంతా చెమట
☐ చేతులు, కాళ్లు చల్లబడటం
☐ నోటి వెంట చొంగ
☐ గుండె దడ, ఛాతీలో బరువు
☐ ఆయాసం, దగ్గు, గులాబీ రంగు నురగ
☐ మగవాళ్లలో అంగం గట్టిపడి అలాగే ఉండిపోవడం

నొప్పి తక్కువగా ఉందని ప్రమాదం తక్కువని అనుకోకండి. ఎర్ర తేలు విషం నరాలను రెచ్చగొట్టి రక్తపోటును, గుండెను దెబ్బతీస్తుంది, ఊపిరితిత్తుల్లో నీరు చేరుస్తుంది.

దీనికి మందు ఉంది. మహారాష్ట్రలోని మహాడ్‌లో పనిచేసిన డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్, ప్రజోసిన్ అనే రక్తపోటు మాత్ర ఎర్ర తేలు కాటులో ప్రాణాలు కాపాడుతుందని చూపించారు. ఆయనకు 2022లో పద్మశ్రీ వచ్చింది. తేలు విషానికి విరుగుడు ఇంజెక్షన్ కూడా ఉంది. ప్రజోసిన్‌తో పాటు దాన్ని ఇస్తే వట్టి ప్రజోసిన్ కంటే త్వరగా కోలుకుంటారని 2011లో అచ్చయిన ఆయన అధ్యయనం చెప్పింది. పాముకాటు ఇంజెక్షన్ తేలుకి పనిచేయదు.

ఇది చదివి ప్రజోసిన్ కొని ఇంట్లో మీ అంతట మీరు వేయకండి. రక్తపోటు ఒక్కసారిగా పడిపోవచ్చు, మోతాదు బరువును బట్టి డాక్టరే చెప్పాలి. మీరు చేయాల్సింది ఒకటుంది. ఈ వారమే మీ ఇంటికి దగ్గర్లోని రెండు ఆసుపత్రులకు ఫోన్ చేసి మూడు ప్రశ్నలు అడగండి: రాత్రిపూట తేలు కాటు కేసు తీసుకుంటారా? ప్రజోసిన్ మీ దగ్గర ఉందా? చిన్నపిల్లల ఐసీయూ ఉందా? అవునన్న చోటు పేరు, నంబరు ఫ్రిజ్ మీద అంటించండి. అర్ధరాత్రి ఒకచోటికి వెళ్లి, అక్కడ లేదంటే ఇంకోచోటికి పరుగెత్తే పరిస్థితి మాకు వచ్చింది. మీకు రావొద్దు.

తేలును పట్టుకుని వెళ్లాలని ఆగకండి. వీలైతే దూరం నుంచి ఫోటో తీయండి, చాలు. పిల్లలకు లక్షణాలు లేకపోయినా డాక్టరు ఒక రోజు ఉంచమంటే ఉంచండి.

10. అన్నీ చేసినా తేళ్లు వస్తుంటే

సందులు మూశాక కూడా లోపల వారానికి ఒకటి కనిపిస్తోంది: మీరు మూసింది నేల మట్టంలోనే. మేడమీది తలుపు, పైపుల డక్టు, ఫాల్స్ సీలింగ్ లైటు కన్నాలు చూడండి.

ఒకే బాత్‌రూంలో మళ్లీ మళ్లీ వస్తోంది: నహానీ ట్రాప్ ఎండిందో, జాలీ చుట్టూ సిమెంట్ ఊడిందో చూడండి. ఒక రాత్రి జాలీ మీద గాజు గిన్నె బోర్లించి పెట్టండి. పొద్దున గిన్నె కింద తేలు ఉంటే దారి అదే.

పై అంతస్తులో మాత్రమే కనిపిస్తోంది: గోడకు తాకే కొమ్మో, మేడమీద పేర్చిన కుండీలో, పాత సామానో కారణం. మేడమీద గోనెసంచులు పెట్టుకోవద్దు.

చిన్న చిన్న తేళ్లు ఒకేసారి నాలుగైదు కనిపించాయి: తల్లి పిల్లలు పెట్టింది దగ్గర్లోనే. ఆ గదిలో సామానంతా జరిపి వరసగా ఐదు రాత్రులు టార్చి వేయండి.

వాన పడిన మర్నాడు మండ్రగబ్బలు గేటు దగ్గర తిరుగుతున్నాయి: బొరియల్లో నీళ్లు నిండి బయటికొచ్చాయి. గేటు కింద, తలుపుల కింద పట్టీలు సరిగ్గా ఉంటే రెండు రోజుల్లో వాటి దారిన అవి పోతాయి.

11. ఏడాది పొడవునా

మార్చి చివర: తలుపుల రబ్బరు పట్టీలు చూడాలి. ఎండకు బీటలు వారతాయి, రెండేళ్లకొకసారి మార్చాల్సిందే. యూవీ టార్చి బ్యాటరీ మార్చాలి.

ఏప్రిల్, మే: వేసవి జల్లులు మొదలయ్యాక వారానికి రెండు రాత్రులు తనిఖీ. సెలవులకు ఊరెళ్లేముందు మోరీల్లో నీళ్లు పోయాలి. తిరిగొచ్చిన రాత్రి పరుపులు, బూట్లు దులపకుండా పిల్లల్ని పడుకోబెట్టకూడదు.

జూన్ నుంచి అక్టోబరు: వారానికి ఒక రాత్రి. గట్టి వాన వెలిసిన మర్నాడు అదనంగా ఒకసారి. దసరాకి సామాను దించేటప్పుడు గ్లౌజులు.

నవంబరు నుంచి ఫిబ్రవరి: నెలకొకసారి చాలు. చలికి అవి కదలడం తగ్గుతుంది. ఆవరణలో పెద్ద పనులు, గోడ పూత, రాళ్లు ఎత్తించడం ఈ నెలల్లో పెట్టుకోండి. దగ్గర్లోని ఆసుపత్రులకు ఆ మూడు ప్రశ్నల ఫోన్ జనవరిలో మళ్లీ చేయండి. డాక్టర్లు మారతారు, మందుల నిల్వ మారుతుంది, ఫ్రిజ్ మీద అంటించిన నంబరు పాతబడి ఉంటుంది.